తెల్ల బోటు మీద జీడినూనె చారలు

మొన్న పొద్దున్న మా చిన్నవాడు ఇంటి వెనక కొబ్బరితోటలో బోటు పక్కన చతికిలబడి, ఒక చేత్తో ఫోను చూసుకుంటూ ఇంకో చేత్తో పాత లుంగీ గుడ్డ పట్టుకుని బోటు అడుగు తోముతున్నాడు. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు కాబట్టి బోటు ఇంటిదగ్గరే ఉంది. కిందటేడు వాడొక ట్రాలీ చేయించాడు, ట్రాక్టరు వెనక తగిలించుకునేది; దాని మీద వరసగా రబ్బరు రోలర్లు ఉంటాయి, బోటు వాటి మీదుగా దొర్లుకుంటూ ఎక్కి కూర్చుంటుంది. ఇదివరకు పదిహేనుమంది భుజాలు అరగదీసుకుంటే గాని కదలని బోటు ఇప్పుడు ఇద్దరు మనుషులతో ఒడ్డు నుంచి తోటలోకి వచ్చేస్తోంది. కాకపోతే ఈ ఎండలకి ఆ రబ్బరు మెత్తబడి, తెల్లటి బోటు పొట్ట మీద నల్లటి చారలు దించింది. సబ్బు పెట్టాడు, కిరసనాయిలు పెట్టాడు, పలాస వెళ్ళి ఏదో సీసా తెచ్చి అదీ పెట్టాడు, ఊహూఁ, చారలు కదల్లేదు.

నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. ఒక్కసారైనా తలెత్తి నన్ను అడుగుతాడేమో అనుకున్నాను. మరక సంగతి ఈ ఇంట్లో నాకంటే తెలిసినవాళ్ళెవరు? అడగలేదు సరికదా, ఫోనులో ఎవరో పరాయి భాషలో ఏదో చెబుతుంటే దానికేసి తలూపుతున్నాడు. నాకు కోపం వచ్చిన మాట నిజం. అరవై దగ్గరపడ్డాక కోపం ముందూ వెనకా చూసుకోకుండా వచ్చేస్తుందని మీలో నా ఈడువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కాని ఆ తెలుపు మీద ఆ నలుపు చూస్తున్నకొద్దీ కోపం ఎటో పోయి, నలభైయేళ్ళకి కాస్త తక్కువగా వెనక్కి వెళ్ళిపోయాను. అప్పుడూ ఇలాగే ఒక తెల్ల బోటు, దాని పొట్ట మీద చారలు, దాని ముందు అన్నం మానేసి కూర్చున్న మా మామగారు.

అంతదాకా వెళ్ళేముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నేను పేరుకే సముద్రపు వాళ్ళ పిల్లని. మా పెదనాన్న వేటకి వెళ్ళి తిరిగి రాకపోయేసరికి మా నాన్న తెప్పకి దణ్ణం పెట్టి, అమ్మనీ నన్నూ తీసుకుని పలాస చేరిపోయి, జీడిపిక్కల ఫ్యాక్టరీలో బస్తాలు మోసే పనిలో కుదురుకున్నాడు. ఆ ఫ్యాక్టరీలోనే అమ్మ పిక్కలు కొట్టేది. పదో తరగతి అయ్యాక నేనూ అమ్మ పక్కన పీట వేసుకున్నాను. పలాసలో దిగగానే ముక్కుకి తగిలే ఆ కాలిన పిక్కల వాసన మీకందరికీ తెలిసిందే. కొత్తవాళ్ళకి తలనొప్పి తెప్పించే ఆ వాసన నాకు ఇప్పటికీ పుట్టింటి వాసనే. జీడిపిక్క పెంకులో ఉండే నూనె చాలా చెడ్డది, చర్మం మీద పడితే పొక్కుతుంది, పొక్కకపోతే నల్లగా పట్టుకుంటుంది. అందుకని ప్రతి పీట పక్కనా ఒక చిప్పలో ఆముదం, ఇంకో చిప్పలో జల్లించిన బూడిద ఉండేవి. పని మొదలెట్టేముందు ఆముదం, నడుమ నడుమ బూడిద, సాయంత్రం మళ్ళీ ఆముదం పట్టించి తవుడుతో రుద్దుకోవడం. నీళ్ళు మాత్రం ముందు ముట్టుకోకూడదు. ఎంత జాగ్రత్తపడినా రెండేళ్ళు తిరిగేసరికి నా వేళ్ళ కణుపులు కూడా అమ్మవాటిలాగే నల్లబడ్డాయి.

ఆ చేతులతోనే ఈ ఉద్దానం ఒడ్డుకి కోడలినై వచ్చాను. తలంబ్రాలు పోస్తున్నప్పుడు మా ఆయన మేనత్త ఒకామె అందరికీ వినపడేలా "ఏటమ్మా, మీ పిల్ల సేతులు కడుక్కోదేటి?" అంది. నవ్వులాటకే అంది, పాపం ఆవిడ మనసు మంచిది, తరవాత నాకు ఎన్నో విధాల ఆసరా అయింది. కాని ఆ మాట నాకు అరిటాకు మీద గోరు గీసినట్టు గుర్తుండిపోయింది. అప్పణ్ణించి నలుగురిలో ఉన్నప్పుడు చేతులు పైట చెంగులో దాచుకోవడం అలవాటైపోయింది. వడ్డించేటప్పుడు కూడా గరిటె పట్టుకునే వేళ్ళు ఎలా మడిచిపెట్టాలా అని ఆలోచించేదాన్ని, చూడండి ఎంత వెర్రో.

ఇక మా మామగారు. మనిషి పొడుగు, మాట పొట్టి. మా ఇళ్ళల్లో అప్పటి మర్యాద ఏమిటంటే కోడలు మామగారి ఎదట నోరు విప్పకూడదు, ఆయనా కోడల్ని పేరుపెట్టి పిలవడు, తిన్నగా మాట్లాడడు. ఆయనకి మంచినీళ్ళు కావాలంటే గోడకేసి చూసి ఇంట్లో నీళ్ళున్నాయా అనేవారు, నేను చెంబు తెచ్చి గడప మీద పెట్టి పక్కకి తప్పుకునేదాన్ని. నాకేదైనా చెప్పాలంటే అత్తగారి చెవిలో వేయాలి, అత్తగారు దానికి తన మాటలు నాలుగు కలిపి ఆయన చెవిలో వేయాలి. ఇప్పటి పిల్లలు వింటే నవ్వుతారు, మాకప్పుడు నవ్వు రాలేదు, అది అలాగే ఉంటుందనుకునేవాళ్ళం. పెళ్ళయిన మొదటి ఏడాది ఆయన గొంతు నన్ను ఉద్దేశించి ఒక్క ముక్క పలికింది లేదు.

ఆ ఏడాదే మామగారూ ఆయన తమ్ముళ్ళూ కలిసి ఫైబరు బోటు తెప్పించాలని తీర్మానించారు. మా ఊరికి అదే మొదటిది. అప్పటిదాకా ఉన్నవన్నీ దుంగలు కట్టిన తెప్పలూ, ఒకటో రెండో చెక్క నావలూ. రంగు ఏది కావాలని అడిగితే మామగారు తెలుపు అన్నారట. చెక్క నావకి ఏటేటా జీడినూనె పూసి పూసి నల్లటి దాన్నే చూసీ చూసీ ఆయనకి మొహం మొత్తిందేమో, కొంగలా ఉండాలి అన్నారని మా ఆయన చెప్పి తెగ మురిసిపోయేవాడు. లారీ మా ఇసక దారిలోకి రాదు, తారురోడ్డు మీదే ఆగిపోతుంది. అక్కణ్ణించి ఒడ్డుదాకా బోటుని దుంగల మీద దొర్లించుకు రావాలి. అందుకోసం సరివి తోటలోంచి నున్నటి దుంగలు పద్నాలుగు కొట్టించారు. ఇసకలో తడికీ పొడికీ పడి ఉండే దుంగలని ఏడాది తిరక్కుండానే పురుగు తినేస్తుంది. తినకుండా ఉండాలంటే జీడినూనె పూయాలని ఆయనకి తెలుసు, నావకి పూసిన చెయ్యే కదా. పలాస కోడలు ఇంట్లో ఉండగా నూనె కోసం వెతకడమెందుకని, ఆ మాట అత్తగారి ద్వారా నాకు వచ్చింది. నాన్న ఒక డబ్బా పంపించాడు. పూసే పని కూడా నాకే అప్పజెప్పారు, ఆ నూనె అలవాటు నాకే కదా ఉంది.

నిజం చెప్పొద్దూ, ఆ ఇంట్లో నాకు తెలిసిన పని ఒకటి దొరికిందని నేను సంబరపడ్డాను. పద్నాలుగు దుంగలకీ కొబ్బరిపీచు కుంచెతో రెండు వరసలు పూశాను. జీడినూనె ఆరాలంటే గట్టి ఎండ కావాలి. నేను పూసిన రోజునుంచీ తూరుపు మబ్బు పట్టుకుని వదల్లేదు, గాలంతా చెమ్మే. రోజూ పొద్దున్నా సాయంత్రం వెళ్ళి ప్రతి దుంగ మీదా బొటనవేలు నొక్కి చూసేదాన్ని. వేలిముద్ర పడితే ఎండనట్టు. నాలుగో రోజుకి కూడా ముద్ర పడుతూనే ఉంది. లారీ వచ్చేది ఆదివారం అన్నారు, అప్పటికి ఎండ రాకపోతుందా అనుకున్నాను.

లారీ శుక్రవారమే, అదీ పొద్దున్నే వచ్చేసింది. కబురు అందగానే మగవాళ్ళంతా కేకలేసుకుంటూ వచ్చి దుంగలు భుజాలకెత్తుకున్నారు. తుండుగుడ్డ వేసుకుని ఎత్తుకున్నారు కాబట్టి అంటుతోందని కూడా వాళ్ళకి తెలియలేదు. ముందు మామగారే ఉన్నారు. నేను పెరటి తడిక పక్కన నిలబడి ఉన్నాను. ఆగండి, ఇంకా ఎండలేదు అని అనాలి, అంతే. నోటిదాకా వచ్చింది. మామగారు, ఆయన తమ్ముళ్ళు, ఊళ్ళో మగవాళ్ళు అంతమంది ముందు ఏడాది కోడలు గొంతెత్తడమా? అత్తగారి కోసం చూశాను, ఆవిడ పసుపూ కుంకుమా పట్టుకుని అప్పటికే రోడ్డుకి వెళ్ళిపోయింది. మా ఆయన చివరి దుంగ ఎత్తుకుని పోతూ నాకేసి చూసి నవ్వాడు, ఆ నవ్వుకి నేనూ నవ్వాను. చెప్పలేదు.

బోటు ఒడ్డు చేరేసరికి ఊరంతా అక్కడుంది. కొంగలాంటి బోటే వచ్చింది, కాని పొట్ట కింద నుంచి ముక్కుదాకా గోధుమరంగు చారలు, పొడుగునా, అడ్డంగా, ఒకదాని మీద ఒకటి. ఎవరో నవ్వారు, ఎవరో చచ్చచ్చ అన్నారు. మామగారు బోటు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి ఇసకలో కూర్చుండిపోయారు. గంగమ్మకి పూజ చేసి బోటుని నీళ్ళలోకి దించే ముహూర్తం ఆ మూడోరోజున ఉంది. ఆయన తమ్ముళ్ళు కొబ్బరిపీచూ తడి ఇసకా తీసుకుని బరబరా తోమడం మొదలెట్టారు. వాళ్ళకి గిన్నెలూ నావలూ తోమడం అలాగే తెలుసు. దానితో ఫైబరు నునుపు పోయి గీతలు పడ్డాయి, ఆ గీతల్లోకి నూనె ఇంకా దిగింది. అంతలో మబ్బు విడి, ఇన్నాళ్ళూ రాని ఎండ అప్పుడే కాసింది. జీడినూనెకి ఎండ తగిలితే ఇక చెప్పేదేముంది, గోధుమరంగు కాస్తా నల్లబడుతూ వచ్చింది. మచ్చలున్న బోటుని గంగమ్మ ముందుకి తీసుకెళ్ళేది లేదని, ముహూర్తం పోతే పోనీ అని ఆయన అన్నట్టు కబురు వచ్చింది. ఆ పూట ఆయన అన్నం తినలేదు.

ఇంట్లో ఎవరూ నన్నేమీ అనలేదు. అదే నాకు మరీ కష్టంగా అనిపించింది. దుంగల నూనె అన్నారు, మబ్బు అన్నారు, లారీవాడు ముందే రావడం అన్నారు. దుంగలు ఎండలేదని ఒకరికి ముందే తెలుసునని మాత్రం ఎవరికీ తెలియదు. మా ఆయనకి చెప్పాను, చెప్పి ఆ మరక పోగొట్టడం కూడా నాకు తెలుసు అన్నాను. ఆయన గాభరాపడిపోయి "నువ్వూరుకో, అయ్యకి ఇనపడితే ఇంకేటన్నా ఉందా" అని అటూ ఇటూ చూశాడు. మంచివాడే గాని తండ్రి పేరు చెబితే ఇప్పటికీ చేతిలో బీడీ పారేస్తాడు.

ఆ మధ్యాహ్నమే అత్తగారు అంబలి కుండ తీసుకుని ఒడ్డుకి బయల్దేరితే, ముంత నేను పట్టుకుంటానని ఆవిడ వెనకే వెళ్ళాను. మామగారు అక్కడే, బోటుకి ఎదురుగా, మోకాళ్ళ చుట్టూ చేతులేసుకుని కూర్చున్నారు. ఆయన్ని అలా చూసేసరికి నాకు మర్యాదా గిర్యాదా గుర్తుకి రాలేదు. ముంత ఇసకలో పెట్టి, కొంగులోంచి చేతులు బయటికి తీసి, "మావా, దుంగలెండనేదు. నాను సూసినాను. సెప్పనేకపోనాను" అనేశాను. అత్తగారు "ఓలమ్మో, మావెదట నోరిప్పుతావేటే!" అని నా జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన కోప్పడితే బాగుండునని, పుట్టింటికి పొమ్మన్నా పోతానని అనుకున్నాను. ఆయన నా మొహం చూడలేదు, నా చేతులు చూశారు. తరవాత మొదటిసారి, గోడకి కాదు, తడికకి కాదు, నాతోనే అడిగారు, "ఏటి రాస్తే పోద్ది?"

ఆముదం అన్నాను. తవుడు, జల్లించిన బూడిద, పాత గుడ్డలు, ముందు నీడ అన్నాను. ఒకసారి నోరు తెరిచాక ఆగడం నా చేత కాలేదు, నీళ్ళు పొయ్యొద్దు, ఇసక ముట్టుకోవద్దు, ఎండ తగలనీయొద్దు అని ఆయనకే ఆజ్ఞలు వేసేశాను. ఆయన లేచి కొబ్బరాకు తడికలు తెమ్మని తమ్ముళ్ళని కేకేశారు. అప్పుడు వచ్చింది అసలు చిక్కు. కొత్త బోటు నీళ్ళు తాకేదాకా ఆడమనిషి చెయ్యి దాని మీద పడకూడదని మా ఊరి నియమం. చెబితే మేం రాస్తాం కదా అని చిన్నమామగార్లు, అపచారమని అత్తగారు, ఒకటే గోల. కాని ఎంత ఆముదం, ఎంతసేపు నాననివ్వాలి, ఎక్కడ ఆపాలి అన్నది చేతికి తెలియాలి గాని మాటతో చెప్పేది కాదు. మామగారు అందరూ అయ్యేదాకా విని, "దుంగలకి నూనె రాసిందెవులు? ఇది కాదేటి? ఆ నూనే గదా బోటుకి అంటింది. దీని సెయ్యి పొద్దున్నే తగిలీసింది, ఇంకేటి మిగిలింది?" అన్నారు. చిన్నమామగార్లు లేచి తడికలు కట్టడం మొదలెట్టారు.

ఆ పూటా మర్నాడూ తడికల నీడలో బోటు కింద వెల్లకిలా పడుకుని పని చేశాను. ఆముదంలో తడిపిన గుడ్డ చారమీద అతికించినట్టు వేసి నానబెట్టడం, నల్లటిది కరిగి గుడ్డకి వచ్చాక తవుడుతో మెల్లిగా గుండ్రంగా రుద్దడం, మళ్ళీ కొత్త గుడ్డ. కాసేపటికి పెళ్ళిలో నా చేతుల గురించి అన్న ఆ మేనత్త వచ్చి పక్కన దూరింది. తరవాత చిన్నత్తలు ఇద్దరూ వచ్చారు. సాయంత్రానికి అత్తగారు కూడా, తిట్టుకుంటూనే, చీర ఎగ్గట్టి వచ్చింది. ఫ్యాక్టరీలో అమ్మ పక్కన కూర్చున్నంత హాయిగా ఉంది నాకు. రెండోనాటి పొద్దుగూకేసరికి ఇసకతో గీరిన చోట బొటనవేలంత మచ్చ ఒకటి తప్ప అన్నీ పోయాయి. దాన్ని కూడా తీద్దామని నేను కూర్చుంటే మామగారు వద్దన్నారు, ఉండనీ, దిష్టి తగలదు అన్నారు. మర్నాడు ముహూర్తానికి బోటు నీళ్ళలోకి దిగింది. ఆ ఊపులో మగవాళ్ళంతా అరుస్తుంటే నేనూ అరిచాను, ఎవరూ ఏమీ అనలేదు.

అప్పణ్ణించి ఏటేటా వానలు వెనకపట్టగానే దుంగలకి నూనె పూయడం నా పని అయింది. నేను ఊళ్ళో అంగన్‌వాడీ పంతులమ్మనయ్యాక కూడా ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు. పూసిన నాలుగో రోజునుంచి మామగారు పొద్దున్నే తడిక దగ్గరకి వచ్చి, ఊరంతా వినేటట్టు, "ఎండిందేటమ్మా?" అని అడిగేవారు. నేను వేలు నొక్కి చూసి, లేదు మావా అంటే ఎంతమంది భుజాలు సిద్ధంగా ఉన్నా, చేపలు ఎంత బాగా పడుతున్నాయని ఎవరు చెప్పినా, దుంగ కదిలేది కాదు. నా నోటి మాట మీద పదిహేనుమంది మగవాళ్ళు బీడీలు ముట్టించుకుని కూర్చునేవారు. పలాసలో పీట మీద కూర్చున్నప్పుడు నాకు ఇంత మర్యాద దక్కుతుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్నా?

ఆ బోటు పన్నెండేళ్ళు మమ్మల్ని సాకి, ఒక తుఫానులో కొబ్బరిచెట్టు కూలి దాని మీద పడటంతో విరిగింది. దుంగల పని కూడా నెమ్మదిగా పోయింది, మిగిలినవి పొయ్యిలోకి వెళ్ళాయి. మామగారికి మా ఉద్దానంలో అందరికీ వచ్చే ఆ కిడ్నీల జబ్బే వచ్చింది. పలాస ఆస్పత్రికి తిప్పి తిప్పి ఇక చాలన్నాక, మంచం మీద ఉన్న ఆఖరి నెలలో ఒక పొద్దున్న కళ్ళు తెరిచి "ఎండిందేటమ్మా?" అన్నారు. ఇంట్లో దుంగలు లేవు, పూసిందీ లేదు. నేను పెరట్లోకి వెళ్ళి, కాసేపు నిలబడి, కళ్ళు తుడుచుకుని వచ్చి "ఎండింది మావా" అన్నాను. ఆయనతో నేను ఆడిన అబద్ధం అదొక్కటే.

ఇదంతా తలుచుకుంటూ, మొన్న మధ్యాహ్నం చిన్నవాడు నిద్రపోతున్నప్పుడు, ఆముదం చిప్పా తవుడూ పట్టుకుని వాడి బోటు దగ్గరకి వెళ్ళాను. దాచుకోవడమెందుకు, ఆ రబ్బరు మరక నా ఆముదానికి లొంగలేదు. గంటసేపు రుద్దితే కొంచెం పలచబడిందంతే. నా విద్య జీడినూనె దాకానే. సాయంత్రం వాడు ఫోనులో చూసిందేదో తెల్లటి పాలిషు పూశాడు, పూసి అరగంట ఎండనిచ్చి తుడిస్తే నిజంగానే చారలు పోతున్నాయి. నాకు సంతోషమూ వేసింది, ఎక్కడో కొంచెం చిన్నతనమూ వేసింది. ఇప్పుడు అన్నీ ఇంతే. ఎండాలని ఎవరూ ఎదురుచూడరు, ట్రాక్టరు లాగుతుంది, ఇంజను తోస్తుంది, ఫోను చెబుతుంది. బోటుకి పదిహేను భుజాలు అక్కర్లేనప్పుడు ఊరు కూడా ఒడ్డుకి రావడం మానేసింది. అది మంచిదే, మా మగవాళ్ళ భుజాల కాయలు చూసినదాన్ని, కాదనను. కాని పని మధ్యలో అందరూ కలిసి ఊరికే కూర్చునే ఆ కాసేపు కూడా దానితోనే పోయింది.

చివరి వరస పాలిషు పూసి వాడు ట్రాక్టరు ఎక్కాడు, బోటుని వెనక్కి తిప్పి పెట్టాలట. ఇంజను చప్పుడులో నాకేసి చూడకుండానే "అమ్మా, సూడు, ఎండిందేటి?" అని అరిచాడు. తాత ఆ మాట అనే రోజుల్లో వాడిది గుర్తుండే వయసు కాదు. నేను వంగి బోటు పొట్ట మీద బొటనవేలు నొక్కాను. పొడిపొడిగా ఉంది, వేలిముద్ర పడలేదు. ఆనాడు తడిక పక్కన నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట ఇన్నేళ్ళకి దానంతట అదే బయటికి వచ్చేసింది. "ఇంకా నేదురా. ఆగు" అన్నాను. వాడు ఇంజను ఆపి, దిగి వచ్చి, నా పక్కన ఇసకలో కూర్చున్నాడు.